కన్సోల్ నెమ్మదిస్తే ముందు ఉప్పును అనుమానించండి

అండమాన్‌లో ఏ పరికరం నెమ్మదించినా మొదట తిట్లు తినేది ఇంటర్నెట్టే. ఈ అలవాటుకు కారణం లేకపోలేదు. 2020 ఆగస్టు వరకు ద్వీపాలను ప్రధాన భూభాగంతో కలిపింది ప్రధానంగా ఉపగ్రహ సంకేతాలే. భూస్థిర ఉపగ్రహం దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. సంకేతం పైకి వెళ్లి కిందికి రావాలి, జవాబు కూడా అదే దారిలో రావాలి. మొత్తం లక్షా నలభై నాలుగు వేల కిలోమీటర్లు. కాంతి వేగంతో వెళ్లినా అర సెకను పోతుంది. ఆన్‌లైన్ ఆటలో అర సెకను అంటే ఓడిపోయాక మీట నొక్కినట్టే.

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి వేసిన సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. ఇప్పుడు చెన్నై నుంచి శ్రీవిజయపురానికి, అంటే నిన్నమొన్నటి పోర్ట్ బ్లెయిర్‌కు, సుమారు 1,400 కిలోమీటర్ల దూరాన్ని గాజుతీగలో కాంతి 7 మిల్లీసెకన్లలో దాటుతుంది. నెట్ అప్పుడప్పుడు మొరాయించదని కాదు. కానీ చేతిలో పట్టుకుని ఆడే గేమ్ కన్సోల్ కుదుపులతో నడుస్తుంటే నేరం నెట్‌దో కాదో తేల్చడం సులువు. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, నెట్ అవసరం లేని ఆట తెరవండి. అరగంట తర్వాత బొమ్మ తడబడితే దోషం మీ చేతిలోనే ఉంది.

ఆ దోషం పేరు చాలాసార్లు వేడి. ఆడటం మొదలుపెట్టిన పావుగంట వరకు బాగుండి, తర్వాత నెమ్మదిస్తే దాదాపు వేడే అనుకోవచ్చు. మొదటి నిమిషం నుంచీ నత్తనడకే అయితే నిండిపోయిన మెమరీనో, నాసిరకం కార్డునో చూడాలి. చిప్ ఒక హద్దు దాటి వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. 2022 జులైలో యూరప్ వడగాలులకు అల్లాడుతున్నప్పుడు స్టీమ్ డెక్ తయారీదారులు ఈ సంగతే చెప్పారు: బయటి ఉష్ణోగ్రత 35 డిగ్రీల లోపు ఉంటేనే పరికరం బాగా పనిచేస్తుంది, చిప్ 100 డిగ్రీలకు చేరితే జోరు తగ్గించుకుంటుంది. నింటెండో స్విచ్‌కూ 5 నుంచి 35 డిగ్రీలే హద్దు.

మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఆడేవారికి ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. అయితే శ్రీవిజయపురంలో పగటి ఉష్ణోగ్రత సాధారణంగా 30 డిగ్రీల చుట్టూనే ఉంటుంది, 35 దాటడం అరుదు. మరి అక్కడి కన్సోళ్లు ఎందుకు నీరసిస్తాయి?

ఉక్కపోత వల్ల అంటారు చాలామంది. అది మన ఒంటి అనుభవాన్ని యంత్రానికి అంటగట్టడమే. తేమ ఎక్కువైతే చెమట ఆరదు కాబట్టి మనకు ఉక్క. కన్సోల్‌కు చెమట పట్టదు. దాని ఫ్యాను గాలిని లోహపు రెక్కల మీదుగా తోస్తుంది, ఆ గాలి ఎంత చల్లగా ఉంది, ఎంత పారుతోంది అన్నదే ముఖ్యం. గాలిలో తేమ 50 శాతమైనా 90 శాతమైనా చల్లబడటంలో చెప్పుకోదగ్గ తేడా రాదు.

తేమ దెబ్బ తీసేది మరో దారిలో. స్విచ్ నిర్దేశాల్లో ఉష్ణోగ్రత పక్కనే ఎవరూ చదవని ఇంకో అంకె ఉంది: తేమ 20 నుంచి 80 శాతం. బంగాళాఖాతం మధ్యనున్న ఊళ్లో వానాకాలమంతా గాలి ఆ పైహద్దు మీదే తిరుగుతుంటుంది. దానికి సముద్రపు తుంపర తోడు. స్వచ్ఛమైన ఉప్పు గాలిలో తేమ దాదాపు 75 శాతం దాటగానే నీటిని పీల్చుకుని ద్రవంగా మారుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది కాబట్టి అంతకన్నా తక్కువ తేమకే చెమ్మగిల్లుతుంది. వానాకాలంలో వంటింటి ఉప్పు డబ్బాలో జరిగేదే ఫ్యాను రెక్కల మీదా జరుగుతుంది. పొడి దుమ్మైతే ఊదితే పోతుంది. ఉప్పు కలిసిన దుమ్ము బురదై అతుక్కుంటుంది, గాలి దారి మూసుకుపోతుంది. బయట 30 డిగ్రీలే ఉన్నా లోపల చిప్ ఉడుకుతుంది. ఆ ఉప్పునీరు విద్యుత్తును కూడా మోస్తుంది, రాగిని తింటుంది.

ఇంకొకటి, ఏసీ గది. బయట 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్నప్పుడు మంచు బిందువు సుమారు 26 డిగ్రీలు. 22 డిగ్రీల గదిలోంచి కన్సోల్‌ను వరండాలోకి తెస్తే ఫ్రిజ్‌లోంచి తీసిన సోడా సీసా మీద పట్టినట్టే దానికి లోపలా బయటా నీరు పడుతుంది. తెచ్చేముందు జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో మూసి ఉంచి, బయటి వేడికి వచ్చాక తీస్తే చాలు.

తడిసిన కన్సోల్‌ను బియ్యంలో పెట్టొద్దు. బియ్యం తేమను పెద్దగా లాగదు, తవుడు మాత్రం రంధ్రాల్లోకి పోతుంది. సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టి డబ్బాలో పెట్టండి. నెలకోసారి కన్సోల్‌ను ఆపి, గాలి రంధ్రాలను మెత్తటి బ్రష్‌తో తుడవండి. ఆటలో సెకనుకు 60 ఫ్రేములకు బదులు 40 ఎంచుకునే వీలుంటే ఎంచుకోండి. ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్ల చోట 25 దొరుకుతాయి, కంటికి పెద్దగా లోటు తెలియదు. చిప్ ఖర్చు చేసే శక్తి వేగంతోపాటు వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. రెండూ పది శాతం తగ్గితే వేడి 27 శాతం తగ్గుతుంది. ఇంత చవకైన మరమ్మతు ఇంకోటి లేదు.

ఇక్కడివరకు మన పని. తర్వాతిది తయారీదారులు, ప్రభుత్వం పట్టించుకోవలసింది. 2011 జనగణన ప్రకారం ద్వీపాల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లిన మత్స్యకార కుటుంబాలు అందులో ఎన్నో. పడవ ఇంజనును ఉప్పు ఏం చేస్తుందో వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు, ఇంజను విప్పి కడిగే మెకానిక్కు రేవులోనే దొరుకుతాడు. పిల్లవాడి కన్సోల్‌కు ఆ భాగ్యం లేదు. విప్పితే వారంటీ పోతుందన్న భయం, విప్పకపోతే తుప్పు. తుప్పు కనిపిస్తే ద్రవం పడి పాడైందని వారంటీ తిరస్కరించే షరతులూ ఉంటాయి. గాలిలోని తేమను వాడేవాడి అజాగ్రత్తగా లెక్కగట్టడం అన్యాయమని నా అభిప్రాయం.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కు మీద పని మొదలుపెట్టినప్పుడు వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాలను ఎంచుకుంది. చేతి కన్సోళ్ల పేరు విడిగా లేదు. ఉండాలి. ఉప్పు తుంపరలో పరికరాలను పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. తుప్పు మీద మనదేశంలోనే కారైకుడిలోని కేంద్రీయ విద్యుద్రసాయన పరిశోధన సంస్థ దశాబ్దాలుగా పనిచేస్తోంది. ఆ పరీక్షలో ఎంత నిలిచిందో పెట్టె మీద ముద్రించమంటే విశాఖ, కాకినాడ, మచిలీపట్నం కొనుగోలుదారులకూ పనికొస్తుంది. ఫ్యాను, థర్మల్ పేస్టు మార్చుకోవడాన్ని వారంటీ ఉల్లంఘనగా చూడకూడదు.

ఫ్యానూ పేస్టూ చెన్నై నుంచో విశాఖ నుంచో వచ్చే చుట్టం సంచిలో సులువుగా వస్తాయి. బ్యాటరీ అలా కాదు. విడి లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపడాన్ని 2016 నుంచి నిషేధించారు. ప్రయాణికుడు చేతి సంచిలో, అదీ పరిమితికి లోబడి, తెచ్చుకోవాలి. కన్సోల్ వీపు ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం ఫ్యాను సంగతి పక్కనపెట్టి, వెంటనే ఆపేయండి. ఛార్జింగ్ పెట్టకండి, ఇంట్లో విప్పకండి.