తోట సరే, నేల ఎవరిది?

మదనపల్లె శివార్లలో నేనుండే వెంచర్ పేరులో 'గార్డెన్' ఉంది. బ్రోషర్లో ఇంకా చాలా ఉన్నాయి: రోడ్డుకి రెండు పక్కలా చెట్ల వరస, పిల్లల పార్కు, వెనకాల మంచులో హార్స్‌లీ కొండలు. కొండలు మాత్రం నిజం. అవి వెంచర్ వేసినాయన తెచ్చినవి కావు. వర్క్ ఫ్రమ్ హోమ్ వచ్చాక బెంగళూరు అద్దె దండగనిపించి, ఇక్కడ నాలుగు సెంట్లు కొని ఇల్లు కట్టుకున్నాను. పుంగనూరు నుంచి ఇల్లు చూడ్డానికొచ్చిన మా అవ్వ, గేటు మీది పేరు నాతో చదివించుకుని, అర్థం చెప్పించుకుని, చుట్టూ చూసి, "తోట యాడుంది నాయనా?" అంది.

ఆ ప్రశ్నకు అప్పుడు నవ్వేశాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ముందు నా ఫిర్యాదు మన సాహిత్యం వాళ్ల మీద. మదనపల్లె గురించి ఏ వ్యాసం తీసినా అవే మూడు ముక్కలు: 1895లో జిడ్డు కృష్ణమూర్తి ఇక్కడ పుట్టాడు, 1915లో అనీబిసెంట్ కాలేజీ పెట్టింది, 1919లో రవీంద్రుడు ఆ కాలేజీకి వచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చాడు. తర్వాత ఒక పేరా చల్లగాలి, ఒక పేరా పాత చెట్లు, చివర్లో ఒక నిట్టూర్పు. నేనూ అలాంటిది ఒకటి రాశాను, లైకులూ వచ్చాయి. ఇప్పుడు చూస్తే దానికీ బ్రోషర్‌కీ తేడా ధర వేయకపోవడం ఒక్కటే. ఇద్దరమూ అమ్మింది గాలినే. నేల సంగతి ఇద్దరమూ ఎత్తలేదు.

నేల సంగతి తెలియాలంటే ఆరోగ్యవరం వెళ్లాలి. ఊరి బయట, అదే 1915లో, క్షయ రోగుల కోసం తెరిచిన శానటోరియం అది. వేర్వేరు క్రైస్తవ మిషన్లు కలిసి పెట్టాయి, డెన్మార్క్ డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ నడిపాడు. స్ట్రెప్టోమైసిన్ రావడానికి ఇంకా మూడు దశాబ్దాలు. అప్పట్లో టీబీకి వైద్యం అంటే పొడిగాలి, వెలుతురు, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి. కాబట్టి అక్కడ చెట్టు అలంకారం కాదు, వైద్యంలో భాగం. రెండు కట్టడాల మధ్య ఖాళీ జాగా వేస్టు కాదు, అదీ ఒక డోసే. గార్డెన్ సబర్బ్ అన్న మాటకు మా వైపు దగ్గరగా వచ్చిందేదైనా ఉంటే అదే. అది ప్లాట్లు కొట్టి అమ్మడానికి వేసింది కాదు.

విచిత్రమేంటంటే, అదే 1915లో ఇంగ్లండులోని లెచ్‌వర్త్‌లో దివ్యజ్ఞాన సమాజం వాళ్లు ఒక బడి పెట్టారు, ఇక్కడ కాలేజీ పెట్టినట్టే. లెచ్‌వర్త్ మొట్టమొదటి గార్డెన్ సిటీ, 1903లో మొదలైంది. దాని వెనకున్న ఎబెనెజర్ హవర్డ్ ఆర్కిటెక్టు కాదు, స్టెనోగ్రాఫర్. 1898లో ఆయన వేసిన పుస్తకానికి ప్రాణం చెట్లు కాదు, అద్దెల లెక్కలు. వాదన సింపుల్: జనం వచ్చి చేరితే నేల ధర పెరుగుతుంది. ఆ పెరుగుదల ఏ ఒక్కడి ప్రతిభా కాదు, అక్కడ బతికే అందరిదీ. కాబట్టి నేలను ముక్కలుగా అమ్మకుండా ఉమ్మడిగా ఉంచి, వచ్చే అద్దెను ఆ ఊరి కోసమే ఖర్చు పెట్టాలి. లెచ్‌వర్త్‌లో ఇప్పటికీ ఒక ఫౌండేషన్ ఆ పని చేస్తోంది.

1907లో లండన్ అంచున మొదలైన హాంప్‌స్టెడ్ గార్డెన్ సబర్బ్‌ది ఇంకో కథ. ధనికుడూ కార్మికుడూ ఒకే చోట ఉండాలన్నది హెన్రియెటా బార్నెట్ కల. చెట్లు మిగిలాయి, అందమైన ఇళ్లూ మిగిలాయి. కార్మికుడు మిగల్లేదు. ఇవాళ అది లండన్‌లో బాగా ఖరీదైన పేటల్లో ఒకటి. మన వెంచర్లవాళ్లు ఇంకా తెలివైనవాళ్లు. కోడ్ అంతా వదిలేసి లోగో మాత్రం కాపీ కొట్టారు.

ఆరోగ్యవరాన్ని నెత్తికెత్తుకుంటున్నానని ఒక మిత్రుడన్నాడు. ఇంట్లో ఉండి మందులు మింగినా శానటోరియంలో ఉన్నంత బాగానే టీబీ నయమవుతుందని 1959లో మద్రాసు పరిశోధన తేల్చింది కదా అని గుర్తుచేశాడు. నిజమే, మంచిదే. బీదవాడు పని మానుకుని, ఇల్లు వదిలి నెలలు పడుకోనక్కర్లేకపోయింది. కానీ ఆ ఫలితం చెప్పింది క్షయకు తోట అక్కర్లేదని, మనిషికి అక్కర్లేదని కాదు. మిషన్ నేల మాత్రం ఉమ్మడిదా అంటే, కాదు. అక్కడ రోగికి ఓటు లేదు. ఒప్పుకుంటాను. అయినా, ప్లాట్లుగా అమ్ముకునే నేల మీద ఖాళీ జాగా ఎన్నాళ్లు నిలుస్తుందో మా వెంచరే సాక్ష్యం.

రూల్స్ ప్రకారం లేఅవుట్లో కనీసం 10 శాతం ఖాళీగా వదిలి, గిఫ్ట్ డీడ్ రాసి స్థానిక సంస్థకు అప్పగించాలి. హవర్డ్ కలలో మన చట్టం మిగిల్చిన ముక్క అదే. మా బ్రోషర్లో పార్కున్న చోట ఇవాళ ఒక రేకుల షెడ్డు, ఇటుకల గుట్ట ఉన్నాయి. అడిగితే ఆఫీసులో పిల్లోడు "పార్కు ఫేజ్ టూలో వస్తాది సార్" అన్నాడు. ఫేజ్ టూ ప్లాట్లన్నీ అమ్ముడైపోయాయి. వీధి వాట్సాప్ గ్రూపులో పెడితే పక్కింటాయన విడిగా ఫోన్ చేసి, "ఎందుకన్నా ఈ గొడవ, రేటు పడిపోతాది" అన్నాడు. అదీ అసలు సంగతి. మమ్మల్ని ఒకాయన మోసం చేశాడు, సరే. రేటు కోసం నోరు మూసుకున్నది మాత్రం మేమే. నేనూ ఏడు నెలలు మూసుకున్నాను.

కుప్పం నుంచి మా బామ్మర్ది ఇలాంటిదే ఇంకో బ్రోషర్ పంపి, "బావా, అడ్వాన్స్ ఇచ్చేద్దామా?" అంటున్నాడు. బొమ్మలు కాదురా, అప్రూవ్డ్ ప్లానూ గిఫ్ట్ డీడ్ కాపీ అడగమన్నాను. మదనపల్లె గాలి గురించి వ్యాసం రాయబోయేవాళ్లకూ నా మాట అదే. చెట్టు గురించి రాయండి, అది నిలబడ్డ నేల ఎవరి పేరు మీదుందో కూడా కనుక్కుని రాయండి. అది కనుక్కోకుండా పడే నిట్టూర్పు బ్రోషర్లోకే పనికొస్తుంది.

పోయిన వారం మా లేఅవుట్ ప్లానూ, గిఫ్ట్ డీడూ కావాలని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. జవాబుకు 30 రోజుల గడువు. రేటు పడితే పడనీ. అవ్వకు మాత్రం ఇంకా ఏమీ చెప్పలేదు.