మా ఇంటి డికాషన్

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈ సంచికలో సందేశాలు, కవితలు చాలా ఉంటాయి. మేము మాత్రం టీ గురించి రాస్తున్నాం. నవ్వకుండా చివరిదాకా చదవండి.

మాది కొల్లిపర. పసుపు చేలు, అరటి తోటలు ఉన్న ఊరు. అమ్మానాన్నలు కూలిపనికి వెళ్తారు. తెల్లవారుజామున మా పొయ్యి మీదకి మొదట ఎక్కేది డికాషన్ గిన్నె. ఇంత టీపొడి, ఇంత పంచదార, అంతే. పాలు ఉండవు.

మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. ఇప్పుడు పీజీ చేస్తున్నాం. పోయిన సంక్రాంతికి యూనివర్సిటీ మిత్రుడొకడు ఇంటికి వచ్చాడు. అమ్మ డికాషన్ పెట్టబోతుంటే ఆపి, పాల ప్యాకెట్టు కోసం చెల్లిని కొట్టుకు పరుగెత్తించాం. అమ్మ ఏమీ అనలేదు. గిన్నె దించి పక్కన పెట్టింది. మిత్రుడు వెళ్ళాక అమ్మ ముఖం చూడలేకపోయాం.

ఈ సిగ్గు మనకు ఎక్కడిది? టీ కొట్ల దగ్గర మనవాళ్ళకు గ్లాసు వేరుగా ఉండేదని తాతయ్య చెప్పేవాడు. డబ్బులు అందరిలాగే ఇవ్వాలి, తాగిన గ్లాసు మాత్రం మనమే కడిగి పెట్టాలి. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. హోటళ్ళలో అందరి కోసం ఉంచిన పాత్రలు వాడనివ్వకపోతే నేరమని 1955లో చట్టం వచ్చింది. అయినా రెండు గ్లాసులు ఒక్కటి కావడానికి చాలా ఊళ్ళలో ఏళ్ళు పట్టింది. ఆ రోజుల్లో మనవాళ్ళు తలెత్తుకుని తాగిన టీ ఇంట్లో కాచుకున్న డికాషనే. దాన్ని ఈ రోజు మనమే దాచిపెడితే ఎలా?

ఇంకో సంగతి. టీ కంపెనీల్లో రుచి చూసి నాణ్యత తేల్చే ఉద్యోగులు ఉంటారు. వాళ్ళు చెంచాతో టీ తీసుకుని గట్టిగా చప్పుడయ్యేలా జుర్రుతారు. అలా జుర్రితే గాలి కలిసి వాసన, రుచి బాగా తెలుస్తాయి. మా తాతయ్య సాసర్లో పోసుకుని అలాగే జుర్రేవాడు. అది మోటుతనమని మేము విసుక్కునేవాళ్ళం!

డికాషన్‌కి కూడా పద్ధతి ఉంది. టీ రుచి చూడడానికి 1980లో వచ్చిన ఐఎస్ఓ 3103 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్ల మరిగిన నీళ్ళకు 2 గ్రాముల పొడి వేసి 6 నిమిషాలు ఉంచాలి. మనం వాడే సన్న పొడికి 3 నిమిషాలు చాలు. నీళ్ళు తెర్లగానే గిన్నె దించి, పొడి వేసి, మూతపెట్టి, వడగట్టాలి. చిక్కగా కావాలంటే పొడి కాస్త పెంచాలి గానీ, పొయ్యి మీద అరగంట మరిగిస్తే వచ్చేది చేదూ వగరే. పాలు పోస్తే ఆ వగరు కొంత అణుగుతుంది. పాలు లేని టీలో పొడి మంచిదో కాదో వెంటనే తెలిసిపోతుంది.

ఒక జాగ్రత్త. అన్నంతోపాటు గానీ, తిన్న వెంటనే గానీ టీ తాగితే ఆకుకూరలు, పప్పుల్లోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. గంటయినా ఆగాలి. రక్తహీనత ఉన్న చెల్లెళ్ళు ఇది మరచిపోవద్దు. చద్దన్నంతోపాటు డికాషన్ తాగి చేనుకు పోయే అమ్మలకూ చెప్పండి.

పేదరికాన్ని పొగడడం మా ఉద్దేశం కాదు. హాస్టల్ మెనూలో ఉన్న పాలు, గుడ్డు మన హక్కు. అడిగి తీసుకోవాల్సిందే. ఇంటికి మంచి పాలు తెచ్చే రోజు కోసమే చదువుతున్నాం. కానీ ఆ రోజు వచ్చేదాకా ఇంట్లో ఉన్నదాన్ని చూసి తలదించుకోవద్దు. మనల్ని ఇంతవరకు చదివించిన కూలిపని రోజూ ఆ గ్లాసుతోనే మొదలైంది.

ఆ మిత్రుణ్ణి ఉగాదికి మళ్ళీ రమ్మన్నాం. ఈసారి చెల్లిని కొట్టుకు పంపం. అమ్మ కాచిన డికాషన్ అందరికీ ఒకే రకం గ్లాసుల్లో పోసి, మేమే తెచ్చి ఇస్తాం.