మేనరికం ముందు ఒక రక్త పరీక్ష



ఏడాది నిండినా బిడ్డ మెడ నిలపకపోతే, కూర్చోలేకపోతే మన కాట్రేనికోన వైపు ఊళ్లలో మొదట వినబడే మాట "గ్రహదోషం". రెండో మాట "తల్లి వైపు లోపం". రెండూ తప్పే. ఇలాంటి జబ్బుల్లో ఒకటైన స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ (ఎస్ఎంఏ) సంగతే చూడండి.

దీనికి మూలం 5వ క్రోమోజోమ్‌ మీది ఎస్ఎంఎన్1 జన్యువు. 1995లో పారిస్‌లో జుడిత్ మెల్కీ బృందం దీన్ని గుర్తించింది. కేంద్రకంలో ఆర్ఎన్ఏ నుంచి అక్కరలేని ముక్కలు తీసేసి, కావలసినవి అతికే పని నిత్యం జరుగుతుంది. ఆ పని చేసే చిన్న ఆర్ఎన్ఏలకు ప్రోటీన్ల కడియం తొడిగేది ఈ జన్యువు ఇచ్చే ప్రోటీనే. అది చాలకపోతే వెన్నుపాములో కండరాలను కదిలించే నాడీకణాలు నశిస్తాయి.

తల్లి నుంచి వచ్చిన ప్రతి, తండ్రి నుంచి వచ్చిన ప్రతి రెండూ చెడితేనే జబ్బు వస్తుంది. ఒక్కటే చెడితే మనిషి నిక్షేపంగా ఉంటాడు. అతనే వాహకుడు. సుమారు 50 మందిలో ఒకరు ఇలాంటివారే. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మరి తల్లి ఒక్కదాన్నే నిందించడం ఏం న్యాయం?

ఇక మేనరికం లెక్క. వాహకుడైన అబ్బాయి బయటి సంబంధం చేసుకుంటే అమ్మాయి కూడా వాహకురాలయ్యే అవకాశం దాదాపు 50లో 1. మేనత్త కూతురైతే 8లో 1. అక్క కూతురైతే 4లో 1!

"మందులున్నాయి కదా" అనవచ్చు. ఉన్నాయి. రిస్డిప్లాం సీసా సుమారు 6 లక్షల రూపాయలుండేది. రోష్ కంపెనీ వేసిన పేటెంటు కేసులో 2025 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు, సుప్రీంకోర్టు అడ్డు చెప్పకపోవడంతో మన హైదరాబాదు నాట్కో కంపెనీ అదే మందును 15,900 రూపాయల ధరతో తెచ్చింది. మనం గర్వించాల్సిన విషయమే. కానీ 20 కిలోలు దాటిన పిల్లలకు 60 మిల్లీగ్రాముల సీసా వచ్చేది 12 రోజులే. ఆ ధర ప్రకారం ఏడాదికి 30 సీసాలు, 4 లక్షల 77 వేలు. కొబ్బరి దింపుకు, చేపల వేటకు వెళ్లే మన నాన్నలు ఎక్కడి నుంచి తెస్తారు?

అందుకే నా అభిప్రాయం: మందు కన్నా ముందు పరీక్ష కావాలి. వాహకుల్లో ఎక్కువమందిని ఒక్క రక్త పరీక్షతో గుర్తించవచ్చు. హైదరాబాదులో సీడీఎఫ్‌డీ, నిమ్స్ వంటి సంస్థల్లో జన్యు వైద్యం ఉంది. అమలాపురం ప్రభుత్వాసుపత్రిలోనే రక్తం తీసి అక్కడికి పంపే ఏర్పాటు ఉచితంగా జరగాలి. సికిల్ సెల్ జబ్బుకు 2023లో కేంద్ర ప్రభుత్వమే ఉద్యమంగా పరీక్షలు మొదలుపెట్టింది. ఆ దారి దీనికీ కావాలి.

మేనరికాలు మానేయమని నేననడం లేదు. ఆస్తి చెదరదని, కట్నం బాధ తగ్గుతుందని, పిల్ల కళ్లముందే ఉంటుందని పెద్దలు చేస్తారు. బయటి సంబంధాల్లోనూ ఈ జబ్బు వస్తుంది. తెలుసుకుని నిర్ణయించుకోమంటున్నాను, అంతే.

మెండల్ బఠాణీల పాఠం పదో తరగతిలో మార్కుల కోసం చదువుతాం. ఈసారి సెలవులకు ఇంటికెళ్లినప్పుడు ఆ పాఠం అమ్మకూ నాన్నకూ చెప్పండి. ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తుంటే తప్పకుండా చెప్పండి.