మబ్బు నిలవదు, బొమ్మ ఆగదు

పిల్లలూ, మబ్బు బొమ్మ వేయమంటే మీరేం చేస్తారు? దూదిపింజెలాగా నాలుగు గుండ్రాలు గీసి, చుట్టూ నీలం పూసేస్తారు. నేను మొదట వేసిన మబ్బు అచ్చం ఇడ్లీలాగా వచ్చింది!

ఇంగ్లండులో జాన్ కాన్‌స్టబుల్ (1776–1837) అనే చిత్రకారుడుండేవాడు. ఆకాశం వెనకాల పరిచిన తెల్లదుప్పటిలాగా వుంటే చాలునని ఆయనకు సలహా చెప్పినవారున్నారు. ఆయన ఒప్పుకోలేదు. దృశ్యానికి ప్రాణం ఆకాశమేనని ఆయన నమ్మకం.

కాని మబ్బు కూర్చుని బొమ్మ వేయించుకోదు గదా! భార్య మరియాకు ఒంట్లో బాగుండక, మంచిగాలి కోసం వాళ్లు లండను దగ్గర హాంప్‌స్టెడ్‌లో ఇల్లు తీసుకున్నారు. 1821, 1822లలో ఆయన అక్కడి బయలులోకి పోయి, చిన్న చిన్న కాగితాలమీద నూనె రంగులతో ఆకాశాన్ని వేశాడు. ఒక్కొక్కటి గంటసేపట్లో ముగియాలి. వెనుక తేదీ, వేళ, గాలి ఏ దిక్కునుంచి వీస్తున్నదీ రాసుకునేవాడు. 1822లో సుమారు 50 వేశానని మిత్రుడికి జాబు రాశాడు. అవి ప్రదర్శనకు కావు, చెయ్యి తిరగటానికి. అప్పటికే ఆయనకు 46 ఏళ్లు! రాయల్ అకాడమీలో పూర్తి సభ్యత్వం 1829లో గాని రాలేదు. అది చూడటానికి మరియా లేదు, 1828లోనే చనిపోయింది.

నూనె రంగుల్లో సాధారణంగా వుండేది అవిసె నూనె. అది నీరులాగా ఆవిరై ఆరదు. గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. అందుకు రోజులు పడుతుంది. అందుకే తడిమీద తెల్లనూ బూడిదనూ కుంచెతో కలిపి మబ్బు అంచు మెత్తగా తేల్చవచ్చు. ఎక్కువ రుద్దారో, అంతా మురికే.

పెద్దలకొక మాట. ఈ నూనె అంటిన గుడ్డలను ఉండచుట్టి మూల పడవేయకండి. ప్రాణవాయువు పీల్చేటప్పుడు వేడి పుడుతుంది. అది బయటికి పోలేకపోతే గుడ్డలు వాటంతట అవే అంటుకోవచ్చు. విప్పి ఆరుబయట ఆరవేయండి.

నూనె రంగులు ఖరీదు. మీకు ముందు బూడిదరంగు కాగితం, పెన్సిలు, తెల్లసుద్ద చాలు. కాగితాన్ని పోస్టుకార్డంత ముక్కలు చేసి, రోజూ ఒకే కిటికీ దగ్గర కూర్చోండి. సూర్యుణ్ణి మాత్రం సూటిగా చూడకండి. మబ్బులో అన్నిటికన్నా నల్లనిచోటు ఏదో ముందు వెతకండి. తరచు అది అడుగున వుంటుంది. దూరాన, నేలకు దగ్గరగా కనిపించే మబ్బులు చిన్నవిగా, బల్లపరుపుగా వుంటాయి, చూశారా?

ఈ నెలలో పది వేయండి. చెడిపోయినవాటిని చించవద్దు, వాటి వెనుక కూడా తేదీ, వేళ, గాలి దిక్కు రాసి దాచండి.