నేల కంపించిన పాట

ఈ నడుమ ఒక సాయంకాలము బడి విడిచిన పిమ్మట మా పదవ తరగతి విద్యార్థులు కొందరు చెట్టుక్రింద గుమిగూడి ఒక పాట వినుచుండిరి. మాకు మొదట వినవచ్చినది మోత మాత్రమే. "ఇదేమి సంగీతము నాయనా?" అని అడుగగా "హెవీ మెటల్ సార్" అనిరి. మందలింపబోయి, "ఇంగ్లీషు పాటయా?" అంటిమి. "కాదు సార్, మావోరీ భాష" అని వారిచ్చిన జవాబు మమ్ము నిలువరించినది. ఆ పాట పూర్వోత్తరములను తెలిసికొని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

హెవీ మెటల్ అనునది 1970 ప్రాంతమున ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమున రూపుగొన్న సంగీతము. అదియు మన హోసూరు వలెనే కర్మాగారముల ఊరు. విద్యుత్ గిటార్లు, పెద్ద డ్రమ్ములు, కేకవంటి గానము దాని లక్షణములు. చంద్రచూడేశ్వరుని తేరునాడు తప్పెటల మ్రోతకు ఒడలు పులకించు మనము, మ్రోత యొక్కటే దోషమనుట న్యాయము కాదు.

మావోరీలు న్యూజీలాండు దేశపు ఆదివాసులు. ఒకప్పుడు వారి పిల్లలు బడిలో మాతృభాష మాటాడినచో శిక్షలు పొందిరి. క్రమముగా భాష క్షీణించెను. దానిని బడులలో నేర్పవలెనని 1972లో ముప్పదివేలకు పైగా సంతకములతో పార్లమెంటునకు అర్జీ సమర్పించిరి. 1982లో ఆ భాషలో శిశువిహారములు, 1985లో మావోరీ మాధ్యమ పాఠశాల వెలసినవి. 1987లో అది అధికార భాషయైనది.

అట్టి మావోరీ మాధ్యమ బడిలో చిన్ననాడు చదివిన సోదరులు హెన్రీ డి జాంగ్, లూయిస్ డి జాంగ్. పదేండ్లు, ఎనిమిదేండ్ల ప్రాయమున, 2010లో, 'ఏలియన్ వెపన్రీ' అను బృందమును ఆరంభించిరి. 2016లో వెలువడిన వారి పాట 'రూ ఆనా తే ఫెనువా'. 'నేల కంపించుచున్నది' అని దాని భావము. 1864 ఏప్రిల్ 29న పుకెహినాహినా వద్ద సుమారు 1,700 మంది బ్రిటిషు సైనికులను సుమారు 230 మంది మావోరీలు ఎదిరించి త్రిప్పికొట్టిరి. ఆ పోరాటమే పాటకు వస్తువు. అందు ప్రాణములు విడిచిన తే అహోఅహో ఈ బాలుర పూర్వీకుడు.

అదే యేట విద్యార్థుల జాతీయ సంగీత పోటీలు రెండింట వీరి బృందము గెలిచెను. 2018లో తొలి ఆల్బము వెలువడెను. జర్మనీలోని వాకెన్ ఉత్సవమున, మావోరీ మాట యొక్కటియు ఎరుగని శ్రోతల యెదుట వారు పాడిరి.

పాట భాషను బ్రతికించినదని మేమనము. బడి ముందు, పాట తరువాత. ఆ బడియే లేనిచో ఆ బాలురకు తాతల కథయు దక్కదు, దానిని చెప్పుటకు మాటయు దక్కదు.

"తెలుగు చదివిన ఏమి వచ్చును?" అని అడుగు తలిదండ్రులు డెంకణికోట నుండి వేపనపల్లి వరకు కలరు. వారి భయము నిష్కారణము కాదు. 2006 నాటి చట్టము పిమ్మట తమిళము తప్పనిసరి భాషగా చేరినది. పిల్లలు దానిని చక్కగా నేర్వవలసినదే. ఇంగ్లీషును నేర్వవలసినదే. ఆ సోదరులును ఇంగ్లీషున పాటలు కట్టినవారే. ఒక భాష నేర్చుటకు మరియొక భాషను విడువ నక్కరలేదని వారే నిదర్శనము.

మా వంతు తప్పును ఒప్పుకొనుచున్నాము. పొరుగు రాష్ట్రమున శిక్షణ పొంది వచ్చిన మేము, తమిళ కన్నడములు కలిసిన ఇచటి ఇంటి తెలుగును తప్పుల తెలుగని ఎఱ్ఱసిరాతో దిద్దితిమి. పద్యము, వ్యాకరణము, పరీక్ష, ఇంతియే తెలుగని పిల్లలు తలచినచో దోషము వారిది కాదు. తమ ఉత్సాహమునకు చోటులేని భాషను బాలురు గౌరవింతురు గాని, దానిలో జీవింపరు.

విద్యార్థులారా! మీ అవ్వను అడుగుడు. మీ ఊరికి ఆ పేరేల వచ్చెనో, చెరువు ఎవరు త్రవ్వించిరో, కరవునాట ఏమి తినిరో అడిగి వ్రాసికొనుడు. మీకు నచ్చిన బాణీలో, మీ ఇంటి మాటలలోనే పాట కట్టుడు. ఎంత మోతగా నున్నను కూర్చుండి వినెదము. అక్షరదోషములున్నచో మాత్రము, అలవాటు చొప్పున, దిద్దెదము.