పొలంలో గుడిసె ఎవరి ఇల్లు?

మన చట్టాల దృష్టిలో ఊరంటే ఇళ్ళు, పొలమంటే పంట. నెలల తరబడి పొలంలోనే వండుకుని, కాపలా కాసి, పిల్లల్ని పక్కలో వేసుకుని పడుకునే స్త్రీ ఈ రెండింటి మధ్య ఎక్కడో జారిపోయింది.

వీరులపాడు, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాన్ని 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లాలో కలిపారు గాని, జనం నోట్లో ఇప్పటికీ అది కృష్ణా జిల్లా మెట్టే. పత్తి, మిరప ఇక్కడి పంటలు. సంక్రాంతి దాటాక మిరప కోతలకు వలస ముఠాలు దిగుతాయి. వాళ్ళ వసతి అంటే కల్లం పక్కన నాలుగు కర్రలు పాతి కప్పిన టార్పాలిన్ పట్టా. కౌలు కుటుంబాలు కూడా పంట చేతికొచ్చే రోజుల్లో చేలోనే గుడిసె వేసుకుంటాయి. ఒక మూల పొయ్యి, ఇంకో మూల పురుగుమందు డబ్బాలు, వాసానికి పిల్ల ఊయల. స్నానానికి చీర చాటు, బహిర్భూమికి చీకటి. కాయ కోసి మండుతున్న చేతులతో పసిపిల్లను ఎత్తుకోవడం గురించి ఏ వ్యవసాయ నివేదికలోనూ నేను చదవలేదు.

ఈ గుడిసెను చట్టం ఏమంటుంది? వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు మార్చడంపై 2006లో చేసిన చట్టం, రుసుము కట్టి భూమి స్వభావాన్నే మార్చుకోమంది. కోత అవగానే ఊడదీసుకుపోయే గుడిసె ఆ చట్టం ఊహకే అందలేదు. 2025లో శాసనసభ దాని రద్దుకు ఆమోదం తెలిపింది. అయినా గుడిసెకు చోటు దొరకలేదు. 2015 డిసెంబరులో రాజధాని ప్రాంత ముసాయిదా ప్రణాళిక వ్యవసాయ పరిరక్షణ మండలాలను గీసినప్పుడు రైతులు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. ఆ చర్చంతా భూమి ధర చుట్టూ తిరిగింది. పొలంలో కాపురముండే కూలి స్త్రీ అందులో నాకు కనబడలేదు.

అలాగని తాత్కాలిక వసతి అనే ఆలోచనే చట్టానికి తెలియదనలేం. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టం 34వ సెక్షన్ పనిస్థలంలోనో దగ్గరలోనో ఉచితంగా తాత్కాలిక నివాసం ఇవ్వాలంది. వంటకు, స్నానానికి, మరుగుదొడ్డికి వేరే ఏర్పాటు ఉండాలనీ చెప్పింది. అమలు సంగతి మనకు తెలుసు. కనీసం అడగడానికి ఒక వాక్యమైనా ఉంది. కాయ కోసే ఆమెకు ఆ వాక్యమూ లేదు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టరు వసతి చూపాలంది గాని, రాష్ట్రం సరిహద్దు దాటి వచ్చినవాళ్ళకే. 2014 జూన్ 2న ఖమ్మం నుంచి వచ్చే కూలీ రాత్రికి రాత్రి, కాగితం మీద, అంతర్రాష్ట్ర వలస కార్మికురాలైంది. కర్నూలు నుంచి అంతకన్నా ఎంతో దూరం వచ్చే ఆమె కాలేదు! 2025 నవంబరు 21న ఈ రెండు చట్టాలూ వృత్తి భద్రత కోడ్‌లో కలిసిపోయాయి. అంతర్రాష్ట్ర కార్మికులు ఐదుగురుంటే చాలన్న నిబంధన కాస్తా పదిమందైంది.

గుర్తింపు లేకపోవడం ఎంత ఖరీదో వరదొస్తే తెలుస్తుంది. 2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాదు రహదారినే ముంచేసింది. 2024 సెప్టెంబరులో మళ్ళీ అదే గతి. విపత్తు సహాయ నిబంధనల్లో 2022 నుంచి గుడిసె నష్టానికి 8,000 రూపాయలున్నాయి. అయితే కూలిన ఇల్లు అధీకృత నిర్మాణమని అధికారి ధ్రువీకరించాలన్న షరతూ వాటిలోనే ఉంది. అనుమతి ఇచ్చే పద్ధతే లేనిచోట అధీకృతం ఎలా అవుతుంది?

పొలంలో నివాసానికి తలుపు తెరిస్తే రహదారి పొడవునా ఫామ్‌హౌసులు లేస్తాయని కొందరు మిత్రులంటారు. ఆ భయం నిజమే. కానీ ప్రహరీ కట్టి గేటు పెట్టిన ఇంటికీ, కోతలవగానే విప్పేసే పట్టాకీ తేడా తెలియనంత అమాయకులా మన అధికారులు? ఇంగ్లండులో 1960 నాటి చట్టం, ఆ పొలంలో పనిచేసే సీజను కూలీలు ఉండే బండి ఇళ్ళకు లైసెన్సు అక్కర్లేదంది. భూమి ఎవరిదన్న తగవు అక్కడ రాలేదు. మన దగ్గర వస్తుంది. ఇతరుల స్థలంలో గుడిసె వేసుకున్న వ్యవసాయ కూలీకి నివేశన హక్కు ఇస్తూ 1976లో ఇక్కడే చట్టం చేశారు. గుడిసె ఎంత పక్కాగా ఉంటే భూయజమానికి అంత భయం. ఆ భయమే ఆమెను ఏటా పట్టా కింద ఉంచుతోందని నా అభిప్రాయం. అందుకే పంటకాలానికి మాత్రమే చెల్లే నమోదు కావాలంటున్నాను. భూమి హక్కుల పోరాటం వేరే సాగుతుంది, సాగాలి కూడా. ఈలోగా నీళ్ళు, దీపం, మరుగుదొడ్డి ఆగకూడదు.

ఖర్చు ఎవరిది? నాలుగెకరాల కౌలు రైతు నెత్తిన వేస్తే ఆ భారం అతని భార్య మీదే పడుతుంది. అమ్మిన పంట మీద మార్కెట్ ఫీజు వసూలు చేసే కమిటీలు నందిగామలోనూ జగ్గయ్యపేటలోనూ ఉన్నాయి. కూలీలకు షెడ్లు, నీటి ట్యాంకులు ఆ డబ్బుతో పెట్టించమని అడగాలి. గ్రామసభలో తీర్మానం పెట్టే సంఘాలు మరో విషయం చూసుకోవాలి. గుడిసెల రిజిస్టరులో కుటుంబ పెద్ద అన్న గడిలో మేస్త్రీ పేరో, భర్త పేరో కాదు, అక్కడ పొయ్యి వెలిగిస్తున్న స్త్రీ పేరు రాయించాలి.