మోకాలి లిగమెంటుకు తొందర పనికిరాదు

1977 సెప్టెంబరు 24న కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో, వానకు తడిసిన మైదానంలో, పెలే ఆడిన కాస్మోస్ జట్టును మోహన్ బగాన్ 2-2తో నిలువరించింది. బగాన్ గోల్స్‌లో ఒకటి మన హైదరాబాదీ మహమ్మద్ హబీబ్‌ది. కోల్‌కతా ఫుట్‌బాల్ అంటే వాన, బురద గుర్తొస్తాయి. ఆటగాడి మోకాలు దెబ్బతింటే ముందు ఆ బురదనే అనుమానిస్తాం. అది పూర్తిగా న్యాయం కాదు.

మోకాలిలో తొడ ఎముకను కింది ఎముకతో కట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు పొడవు మూడు సెంటీమీటర్ల పైచిలుకు. యువకుల్లో అది దాదాపు 2,160 న్యూటన్ల లాగుడును, అంటే సుమారు 220 కిలోల బరువును తట్టుకుంటుంది. అందులోని కొల్లాజెన్ పోగులు అలలు అలలుగా మడతపడి ఉంటాయి. లాగితే ముందు ఆ మడతలు విచ్చుకుంటాయి, తర్వాత తాడులా బిగుసుకుంటాయి, ఇంకా లాగితే తెగుతాయి. బూటు నేలను గట్టిగా పట్టుకుని ఒళ్లు మాత్రం పక్కకు తిరిగితే, ఎవరూ తగలకుండానే ఏసీఎల్ తెగిపోవచ్చు. ఆస్ట్రేలియాలో ఎండి గట్టిపడిన మైదానాల్లోనే ఈ గాయాలు ఎక్కువని గమనించారు.

తెగిన ఏసీఎల్ సరిగా అతుక్కోవడం అరుదు. కీలులోని ద్రవంలో గాయాన్ని మాన్పే రక్తపు గడ్డ నిలవదు. అందుకే తొడ వెనక కండరం నుంచో, మోకాలిచిప్ప కింది నుంచో టెండాన్ తీసి అక్కడ అమరుస్తారు. చిక్కంతా ఆ తర్వాతే. కొత్త చోట దాని కణాలు చాలావరకు చనిపోయి, రక్తనాళాలు కొత్తగా పెరిగి, పోగులు మళ్లీ పేర్చుకోవాలి. ఈ మధ్యకాలంలో అది అమర్చిన రోజుకన్నా బలహీనంగా ఉంటుంది. నొప్పి మాత్రం అప్పటికే తగ్గిపోతుంది! పక్కనున్న మృదులాస్థికైతే నరాలే లేవు, అరుగుతున్నా మొదట్లో తెలియదు. 2016లో వెలువడిన డెలవేర్-ఓస్లో అధ్యయనంలో, తొమ్మిది నెలల దాకా ఆట వాయిదా వేసిన ఒక్కో నెలకు మళ్లీ గాయపడే రేటు 51 శాతం చొప్పున తగ్గింది.

పెద్ద క్లబ్బు ఆటగాడికి ఫిజియో ఉంటాడు. నా బెంగ ‘ఖేప్’ ఆడేవాళ్ల గురించి. మ్యాచ్‌కు ఇంత అని తీసుకుని బెంగాల్‌లో ఊరూరా టోర్నీలు ఆడే కుర్రాళ్లు వీళ్లు. ఆడకపోతే రాబడి లేదు. తొమ్మిది నెలలు ఆగమని వాళ్లకు ఊరికే చెప్పి ఏం లాభం? టోర్నీ నడిపేవాళ్లు ప్రైజు డబ్బులో కొంత బీమాకు, ఫిజియోథెరపీకి కేటాయించాలి. బరిలోకి దింపేముందు నెలలు లెక్కపెట్టి ఊరుకోకుండా, ఒంటికాలి గెంతులో గాయపడిన కాలు రెండో కాలి దూరంలో కనీసం 90 శాతమైనా అందుకుందో లేదో చూడాలి. అది ఒక్కటే చాలదు, నిజమే. కానీ దానికి కావాల్సింది ఒక టేపు మాత్రమే.